వానలు మొదలవకముందే పాత కారులో చేయి దూరని చోట్లు చూసుకోండి

పోయిన జూలైలో మా కారులో ఎడమ సీటు ముందు మ్యాట్ ఎత్తి చూస్తే, కింద కార్పెట్ పిండితే నీళ్లు కారేలా ఉంది. 2007 మోడల్ చిన్న కారు. నాలుగు రోజులు పాత పేపర్లు పరిచాను, ఎండ కాసినప్పుడల్లా తలుపులు తీసి పెట్టాను, మళ్లీ వాన, మళ్లీ తడి. చివరికి తేలిందేమిటంటే ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర నల్ల ప్లాస్టిక్ జాలీ ఉంటుంది చూడండి, దాని లోపల నీళ్లు బయటికి పోయే కన్నం వేపాకుతో పూడిపోయింది. పోయే దారి లేక నీళ్లు బ్లోయర్‌లోకి (లోపలికి గాలి ఊదే ఫ్యాన్‌లోకి) దిగి లోపలికి వచ్చేశాయి. ఉగాది పచ్చడికి పువ్వు రాల్చుకున్న చెట్టు కిందే బండి పెట్టిన పుణ్యం.

ఆ ఆకు తీయడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆకు దాకా చేయి వెళ్లడానికి మాత్రం వైపర్లు, జాలీ, దాని కింద రేకు అన్నీ ఊడదీయాల్సి వచ్చి ఒక మధ్యాహ్నం మొత్తం పోయింది. ఎండకు ఎండీ ఎండీ క్లిప్పులు అప్పడాల్లా అయిపోయాయి, తొమ్మిదింట్లో ఆరు విరిగాయి.

కాబట్టి ఈ పని మే నెలలోనే చేసుకోండి. జాలీ మీద మెల్లగా రెండు చెంబుల నీళ్లు పోసి చూడండి, ముందు చక్రాల వెనక నుంచో ఇంజన్ పక్క నుంచో నీళ్లు వెంటనే కిందకి కారాలి. కారకపోతే పూడినట్టే. ఊడదీయాల్సి వస్తే క్లిప్పులు ముందే ఒక డజను కొని పెట్టుకోండి, పాతవి నిలుస్తాయన్న ఆశ వద్దు.

కార్పెట్ తడికి ఇదొక్కటే కారణం కాదు. ఏసీ పది నిమిషాలు వేసి ఉంచితే బండి కింద బొట్లు పడాలి. ఉక్కపోత రోజున కూడా పడట్లేదు, లోపల తడిగా ఉందంటే ఏసీ నీళ్లు పోయే పైపులో దుమ్ము చేరింది. చాలా బండ్లలో ఈ పైపు ఇంజన్ వెనక గోడలోంచి వస్తుంది, పైనుంచి కనపడదు, కిందనుంచి చూస్తే చేయి అందదు. గాలి కొట్టించేటప్పుడు మెల్లగా కొట్టమనండి, జోరుగా కొడితే లోపలి కొన ఊడే ప్రమాదం ఉంది, అప్పుడు అసలు కథ మొదలవుతుంది.

తడిని వేలితో ముట్టి చూడండి. మామూలు నీళ్లయితే చాలావరకు పైన చెప్పిన రెండింట్లో ఒకటి. జిగురుగా, రంగుగా, తియ్యటి వాసనతో ఉంటే కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం. నాలుక మీద పెట్టొద్దు, అది విషం. దానర్థం డ్యాష్‌బోర్డ్ వెనక హీటర్ కారుతోందని. ఆ చిన్న పెట్టె మార్చాలంటే చాలా పాత బండ్లలో డ్యాష్‌బోర్డ్ మొత్తం దించాలి. దించి మళ్లీ బిగించిన తర్వాత స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా కిరకిరమనే చప్పుడు ఉచితం. మన ఎండలకి హీటర్ వాడేదే తక్కువ కాబట్టి ఇంజన్ వైపున్న రెండు హీటర్ గొట్టాలనూ కలిపేయించి కొన్నాళ్లు నడుపుకోవచ్చు, అద్దం మీద ఆవిరికి ఏసీ చాలు. అరకులో చలికాలం కాపురం ఉంటే వేరే సంగతి.

ఇక లేబర్ సంగతి. పార్టు కంటే లేబర్ ఎక్కువయ్యేసరికి మనకి కాలుతుంది, నాకూ కాలింది. "సార్, ఆయిల్ సీలు ధర వందల్లోనే, అది పెట్టాలంటే గేర్‌బాక్స్ దింపాలి, మీరే చెప్పండి" అన్నాడు మా మెకానిక్, చీరుకుపోయిన చేతి కణుపులు చూపిస్తూ. ఏం చెప్తాం? బేరం ఆడాల్సింది లేబర్ దగ్గర కాదు, ఒకే లేబర్‌లో ఎన్ని పనులు అవుతాయన్న దగ్గర. క్లచ్ ప్లేటుకని గేర్‌బాక్స్ దింపితే రిలీజ్ బేరింగు, క్రాంక్ వెనక ఆయిల్ సీలు అప్పుడే మార్పించండి. టైమింగ్ బెల్టు విప్పితే టెన్షనరు, దాని వెనకే ఉంటే వాటర్ బాడీ (కూలెంట్ తిప్పే పంపు) కూడా. డ్యాష్‌బోర్డ్ దించాక ఏసీ కూలింగ్ కాయిల్‌ని వదిలేసి బిగించారా, మళ్లీ ఏడాది మీరే ఏడుస్తారు. ఇంకొకటి, పార్టులు చేతికొచ్చాకే బండి విప్పనివ్వండి. విప్పేశాక విజయవాడ ఆటోనగర్ అంతా తిరిగినా మీ మోడల్ సీలు దొరక్కపోతే, బండి వాన కింద, ఇంజన్ సగం బయట.

మీరే చేయి పెడదామనుకుంటున్నారా? తుప్పు పట్టిన బోల్టుకి ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి వదిలేయండి, పొద్దున మళ్లీ కొట్టండి. పన్నెండు మూలల సాకెట్ వద్దు, ఆరు మూలలది పట్టండి, బోల్టు తల అరగదు. చేయి దూరని చోట బోల్టు తల గుండ్రంగా అరిగిందంటే ఆ రోజుకి పని అయిపోయినట్టే. విప్పే ప్రతి దశకీ ఫోన్‌తో ఫొటో తీయండి, బోల్టులు కోడిగుడ్ల అట్టలో వరసగా పెట్టుకోండి, కింద పాత లుంగీ పరవండి. మా టెన్ నంబర్ నట్టు ఒకటి ఇంకా ఇంజన్‌లో ఎక్కడో ఉంది.

జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరొద్దు, స్టాండ్లు పెట్టాలి, ఇటుకలు స్టాండ్లు కావు. వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత తిప్పొద్దు. డ్యాష్‌బోర్డ్ దగ్గర పసుపు రంగు కనెక్టర్లు కనపడితే చాలావరకు అవి ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి వెళ్లకండి.

ఇంత చేసినా రోడ్డు మీద నీళ్లు ఎంత లోతుందో తెలియకపోతే దిగొద్దు. దిగాక ఇంజన్ ఆగిపోయిందా, సెల్ఫ్ కొట్టకండి, ఒక్కసారి కూడా. గాలి వెళ్లే దారిలోంచి సిలిండర్‌లోకి నీళ్లు చేరి ఉంటే అవి గాలిలా నలగవు, పిస్టన్‌ని పట్టుకునే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. న్యూట్రల్‌లో పెట్టి నెట్టించుకుని ఒడ్డుకు చేర్చండి, మెకానిక్ ఎయిర్ ఫిల్టర్ విప్పి చూసి, తడి లేదన్నాకే తాళం తిప్పండి.