ఎగ్జిబిషన్‌లో నచ్చిన బొమ్మని ఇంటి గోడ మీదకి తెచ్చుకోవడం ఎలా?

మా విజయనగరంలో కొత్తిల్లు కట్టుకున్నవాళ్లు గృహప్రవేశానికి వారం ముందు సోఫా కొనడానికి వెళ్లి, దాని రంగుకి సరిపోయే జలపాతమో, ఏడు గుర్రాలో కూడా తెచ్చేస్తారు. హాల్లో గోడ బోసిగా ఉంది, ఏదో ఒకటి ఉండాలి కదా అని. ఆరు నెలలు తిరిగేసరికి ఆ ప్రింటు వైపు ఇంట్లోవాళ్లే చూడటం మానేస్తారు. దానికి ఇంకాస్త డబ్బు కలిపితే, మన మధ్యే ఉండి బొమ్మలు వేస్తున్న మనిషి చేతి పని ఒకటి ఇంటికి తెచ్చుకోవచ్చు. అదెలాగో, చాలా ఏళ్లుగా కొని, తగిలించి, కొన్ని పాడుచేసుకుని నేర్చుకున్నదంతా చెబుతాను. అన్నిటికన్నా ముఖ్యమైనది ముందే చెప్పేస్తున్నా: ముందు బొమ్మ తేల్చుకోండి, గోడ తర్వాత వెతకండి. ఈ వరస తిరగబడితే మిగతా జాగ్రత్తలు ఎన్ని తీసుకున్నా మళ్లీ సోఫా రంగు దగ్గరికే వచ్చి ఆగుతారు.

ముందు తిరిగి చూడండి

కొనే ఆలోచన పక్కనపెట్టి మూడు నాలుగు ప్రదర్శనలు చూసి రండి. మనకి విశాఖ దగ్గరే. ఆంధ్రా విశ్వవిద్యాలయంలో ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది. అలాంటి చోట్ల విద్యార్థులు తమ పని ప్రదర్శనకి పెట్టారని తెలిస్తే వదలొద్దు. పేరు పడకముందు వేసిన బొమ్మల్లో ఉండే తెగింపు నాకు చాలా ఇష్టం, ధరలు కూడా అందుబాటులో ఉంటాయి. హైదరాబాద్ వెళ్లే పనిబడితే మాదాపూర్‌లోని స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌కి ఒక పూట కేటాయించండి. దూరం పోగలిగినవాళ్లకి కేరళలో కొచ్చి-ముజిరిస్ బినాలే అనే పెద్ద కళా ప్రదర్శన ఉంది. 2012 డిసెంబరులో మొదలైంది. ఫోర్ట్ కొచ్చిలో ఒకప్పుడు సరుకులు నిలవచేసిన పాత గోదాముల్లో దేశదేశాల కళాకారుల పని చూడొచ్చు.

ఇదంతా పెద్ద ఊళ్లవాళ్ల వ్యవహారం, మనకెందుకు అనుకోకండి. చిత్రకారుడు వడ్డాది పాపయ్యగారు 1921లో పుట్టింది శ్రీకాకుళంలోనే. అంట్యాకుల పైడిరాజుగారు విజయనగరంలో ఉండి బొమ్మలు వేశారు, శిల్పాలు చేశారు, ఎంతోమంది పిల్లలకి గీత నేర్పారు. ఇంకా వెనక్కి వెళ్తే, సీతంపేట వైపు కొండల్లో సవర గిరిజనులు ఇంటి లోపలి గోడకి ఎర్రమట్టి అలికి, బియ్యప్పిండి కలిపిన నీళ్లతో తెల్లగా బొమ్మ కడతారు. చుట్టూ ఇంటి ఆకారంలో ఒక చట్రం, అందులో మనుషులు, ఏనుగులు, గుర్రాలు, సూర్యుడు, చంద్రుడు. పోయిన పెద్దలకీ, దేవతలకీ అది నిలయం. ఆ గీతనే ఈరోజు గుడ్డ మీద, కాగితం మీద వేస్తున్న సవర చిత్రకారులు ఉన్నారు. వాళ్ల పనిని హస్తకళల బల్ల మీద ఒక మూలకి నెట్టేయడం నాకు నచ్చదు. ఈరోజు బతికి, ఈరోజు గీస్తున్నారు. సమకాలీన చిత్రకళ అంటే అది కాకపోతే మరేది?

బొమ్మ ముందు నిలబడటం

హాల్లోకి అడుగుపెట్టగానే పక్కనున్న చీటీలు చదవడం మొదలుపెట్టకండి. ఒకసారి పది నిమిషాల్లో అంతా చుట్టి రండి. ఏ బొమ్మ మిమ్మల్ని వెనక్కి లాగిందో దాని దగ్గరికే వెళ్లండి. మొదట బొమ్మంతా ఒక్క చూపులో ఇమిడేంత దూరంలో నిలబడండి. తర్వాత దగ్గరికి వెళ్లి కుంచె ఎటు నడిచిందో, రంగు ఎక్కడ దట్టంగా పడిందో, ఎక్కడ గీకారో చూడండి. పక్కకి జరిగి ఏటవాలుగా చూస్తే రంగు గరుకు తెలుస్తుంది, ఫోన్లో ఎన్నిసార్లు చూసినా అది కనపడదు. ముట్టుకోవద్దు. ఫొటో తీసుకోవచ్చా అని అడగండి, ఫ్లాష్ మాత్రం వద్దు.

అప్పుడు చీటీ చదవండి. పేరు, శీర్షిక, సంవత్సరం, దేనిమీద ఏ రంగుతో వేశారు, కొలత. కొలతలో మామూలుగా ముందు ఎత్తు, తర్వాత వెడల్పు ఉంటుంది. 36×24 అని ఉంటే నిలువు బొమ్మ అన్నమాట. చీటీ మీద చిన్న ఎర్ర చుక్క అంటించి ఉంటే అది అమ్ముడైపోయింది.

మా అమ్మని ఒకసారి విశాఖలో ప్రదర్శనకి తీసుకెళ్లాను. అక్కడొక బొమ్మ, మనుషులూ చెట్లూ ఏమీ లేవు, గోధుమ రంగు మీద నల్లటి పట్టీలు. వేసినాయన అక్కడే ఉన్నారు. అమ్మ తిన్నగా ఆయన దగ్గరికే వెళ్లి, "ఏటి బాబూ, ఇది తలకిందులుగా పెట్టలేదని ఎలాగ తెలుస్తాది?" అని అడిగింది. ఆయన ఎంతో శ్రద్ధగా, "మంచి ప్రశ్నమ్మా" అని, కేన్వాస్‌ని గోడ మీంచి దింపి వెనక్కి తిప్పి చూపించారు. చెక్క చట్రం మీద పెన్సిల్‌తో పైకి ఒక బాణం గుర్తు, పక్కన సంతకం, శీర్షిక, సంవత్సరం. ఆరోజు నుంచి నేను కొనే ప్రతి బొమ్మనీ వెనక తిప్పి చూస్తాను. మీరూ చూడండి. చూపించమని అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

బేరం కన్నా ముందు అడగాల్సినవి

నచ్చిన రోజే కొనొద్దు. మర్నాడు పొద్దున్న కళ్లు మూసుకుంటే బొమ్మలో ఏం గుర్తొస్తోందో చూసుకోండి. ఏమీ గుర్తు రాకపోతే మానేయండి.

కొనాలనుకుంటే అది చేత్తో వేసినదా, ప్రింటా అని సూటిగా అడగండి. ప్రింటు అనగానే తీసిపారేయకండి, అందులో రెండు రకాలున్నాయి. రాగి లేదా జింకు రేకు మీద గీసి, ఆమ్లంలో కొరికించి, సిరా పట్టించి, యంత్రం కింద కాగితం మీద అచ్చు తీసే ఎచింగ్ లాంటివి అసలైన కళాకృతులే. అడుగున ఎడమవైపు పెన్సిల్‌తో 7/25 అని ఉంటే, తీసిన ఇరవై అయిదు అచ్చుల్లో ఇది ఏడోదని. కుడివైపు సంతకం ఉంటుంది. తక్కువ డబ్బుతో మంచి చిత్రకారుడి పని కావాలంటే నా మొదటి ఓటు వీటికే. రెండోది, ఉన్న పెయింటింగ్‌ని ఫొటో తీసి కంప్యూటర్ ప్రింటర్ మీద తీసినది. దానికి అసలు బొమ్మ ధర చెబితే ఒప్పుకోకండి.

బిల్లు మీద చిత్రకారుడి పేరు, శీర్షిక, సంవత్సరం, కొలత, మాధ్యమం (అంటే దేనిమీద ఏ రంగుతో వేశారో) రాయించుకోండి. ఇంకో సంగతి: బొమ్మ కొన్నంత మాత్రాన దాని కాపీరైట్ మీది కాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, రాసి ఇస్తే తప్ప అది చిత్రకారుడి దగ్గరే ఉంటుంది. ఇంట్లో పెట్టుకోవచ్చు, అమ్ముకోవచ్చు, కానీ మీ షాపు క్యాలెండర్ మీద అచ్చు వేయించకూడదు.

ఇంటికి తేవడం

కేన్వాస్‌ని చుట్టి తేవాల్సి వస్తే రంగు వేసిన వైపు బయటికి ఉండేలా, లావుపాటి గొట్టం మీద వదులుగా చుట్టండి. లోపలికి చుడితే రంగు నలిగి పగుళ్లు వస్తాయి. ఆక్రిలిక్ రంగు మన ఎండలకి కాస్త జిగురు తేరుతుంది. బుడగల ప్లాస్టిక్‌ని నేరుగా దాని మీద చుడితే బుడగల అచ్చులు పడిపోతాయి. ముందు బటర్ పేపర్ వేసి, పైన బుడగల కవరు చుట్టండి. బస్సు డిక్కీలో పడుకోబెట్టొద్దు, పక్కన నిలబెట్టి పట్టుకు కూర్చోండి.

పటం కట్టించడం

ఇక్కడ నేను బాగా నష్టపోయాను కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను. స్నేహితుడొకడు పెద్ద చెరువుని తెల్లవారుజామున చూసి వేసిన నీటిరంగుల బొమ్మ నాకు ఇచ్చాడు. ఒక కొట్లో ఇచ్చి పటం కట్టించాను. వాళ్లు బొమ్మని నేరుగా అద్దానికి ఆనించి, వెనక పాత న్యూస్ పేపర్, దాని వెనక హార్డ్‌బోర్డు పెట్టి మేకులు కొట్టేశారు. నాకూ అప్పట్లో తెలియదు, తెచ్చి తూర్పు గోడకి తగిలించాను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకి ఆ గోడ నానిపోయింది. కరెంటు, నీళ్లు, పెంకుల గొడవలో పటం సంగతి ఎవరికీ గుర్తు లేదు. రెండు నెలల తర్వాత దింపి విప్పితే ముక్కిపోయిన వాసన. కాగితం నిండా గోరంత గోరంత గోధుమ మచ్చలు. న్యూస్ పేపర్ ఆనిన మేరకి వెనకంతా పసుపు. అద్దాన్ని మెల్లగా ఎత్తాను. చెరువు నీలం అద్దానికి అంటుకుని దాంతోపాటే వచ్చేసింది. ఆ అద్దాన్ని ఇప్పటికీ పారేయలేదు.

కాబట్టి కాగితం మీద వేసిన దేనికైనా, అది నీటిరంగులైనా ఎచింగ్ అయినా, అద్దానికీ కాగితానికీ మధ్య మౌంట్, అంటే బొమ్మ చుట్టూ కిటికీలా కత్తిరించి పెట్టే మందపాటి అట్ట, ఉండాల్సిందే. మౌంట్ అట్ట ఆమ్లం లేనిది కావాలని గట్టిగా చెప్పండి. అది దొరక్క మామూలు అట్ట వాడితే కొన్నేళ్లకి బొమ్మ చుట్టూ గోధుమరంగు గీత పడుతుంది. బొమ్మని మౌంట్‌కి సెలోటేపుతో, ఫెవికాల్‌తో అంటించనివ్వకండి. పై అంచున రెండు చోట్ల పల్చటి కాగితం పట్టీలు, మైదా లేదా గంజి జిగురుతో అంటిస్తే చాలు, తర్వాత తడిచేసి తీసేయొచ్చు. వెనక న్యూస్ పేపర్ వద్దే వద్దు. చట్రానికీ వెనక బోర్డుకీ మధ్య సందులు కాగితం టేపుతో మూయించండి, లేకపోతే చీడపురుగు లోపలికి దూరి కాగితం కొరుకుతుంది.

కేన్వాస్ మీద తైలవర్ణమో ఆక్రిలికో అయితే అద్దం అక్కర్లేదు, దానికి గాలి ఆడాలి. వానాకాలంలో కేన్వాస్ వదులై అలలు తేలితే కంగారు పడొద్దు. మంచి చట్రానికి వెనక నాలుగు మూలల్లో చిన్న చెక్క చీలలుంటాయి. వాటిని సుత్తితో ఒక్క పిసరు లోపలికి తడితే మళ్లీ బిగుసుకుంటుంది.

గోడ వెతకడం

మనది సముద్రపు గాలి తగిలే చోటు, గోడకి చెమ్మ మామూలే. అనుమానం ఉన్న చోట జానెడు ప్లాస్టిక్ కవరు ముక్కని నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు వదిలేయండి. విప్పినప్పుడు గోడ వైపు తడి కనిపిస్తే ఆ గోడ వద్దు. బాత్రూంకి వెనక గోడ, పడమటి ఎండ తిన్నగా పడే గోడ, వంటింటి పొగ తగిలేది, దేవుడి మందిరం పక్కన అగరొత్తుల మసి పట్టేది కూడా వద్దు. ఎండ సంగతి మరీ ముఖ్యం. నీటిరంగులు వెలిసిపోతే తిరిగి రావు.

పాత న్యూస్ పేపర్లు అతికించి సరిగ్గా బొమ్మ సైజుకి కత్తిరించండి. పటం లోపలికి పనికిరాని పేపరు ఇక్కడ పనికొస్తుంది. గోడకి అంటించి రెండు రోజులు అటూ ఇటూ తిరుగుతూ చూడండి. సోఫా పైన అయితే బొమ్మ వెడల్పు సోఫాలో మూడింట రెండు వంతులుంటే కంటికి నిండుగా ఉంటుంది. ఆరడుగుల సోఫాకి నాలుగడుగులు. సోఫా వీపుకీ పటానికీ మధ్య ఆరు నుంచి పది అంగుళాలు వదలండి.

మన ఇళ్లలో అందరూ పటాన్ని మరీ ఎత్తున, గుమ్మం పైన దేవుడి పటాల వరసలో కొట్టేస్తారు. గ్యాలరీల్లో బొమ్మ నడిమధ్య నేల నుంచి సుమారు 57 అంగుళాల దగ్గర, నిలబడిన మనిషి కంటికి తిన్నగా వస్తుంది. ఇంట్లో ఎక్కువసేపు కూర్చునే చూస్తాం కాబట్టి ఇంకో రెండు మూడు అంగుళాలు దించినా మంచిదే.

తగిలించడం

మేకు ఎక్కడ కొట్టాలో ఊహించకుండా లెక్క వేయండి. 57కి పటం ఎత్తులో సగం కలిపి, వెనక తీగని వేలితో పైకి లాగితే పటం పై అంచుకి ఎంత కిందికి వస్తుందో అంత తీసేయండి. పటం 24 అంగుళాలు, తీగ మూడంగుళాల కిందికి వస్తే, 57కి 12 కలిపి 3 తీసేస్తే 66. నేల నుంచి 66 అంగుళాల దగ్గర గుర్తు పెట్టండి.

స్విచ్ బోర్డుకి నిట్టనిలువుగా పైనా కిందా డ్రిల్ పెట్టొద్దు, గోడలో వైరు గొట్టం ఆ దారినే పోతుంది. ఇటుక గోడకి ఆరు మిల్లీమీటర్ల బిట్టుతో రంధ్రం చేసి, ప్లాస్టిక్ ప్లగ్గు దించి స్క్రూ బిగించండి. పాత సున్నం గోడల్లో మేకు కొడితే సున్నం పొడిపొడిగా రాలి రెండో రోజుకే ఊగుతుంది. అక్కడ పొడవాటి స్క్రూ, పొడవాటి ప్లగ్గు వాడాలి. పెద్ద పటానికి ఒకటి కాకుండా రెండు హుక్కులు పెట్టండి, వంకర పోదు. రెండూ సమానంగా ఉన్నాయో లేదో మేస్త్రిల దగ్గర ఉండే రసమట్టంతో చూసుకోవచ్చు.

పటం వెనక కింది మూలల్లో రెండు చిన్న రబ్బరు బిళ్లలు అంటించండి. గోడకీ పటానికీ మధ్య వేలి సందు ఉంటే గాలి ఆడుతుంది, చెమ్మ నిలవదు. ఈ రూపాయి పనితోనే మా ఇంట్లో తర్వాతి బొమ్మలన్నీ వానలు తట్టుకున్నాయి.

లైటు కావాలంటే వెచ్చటి వెలుగిచ్చే ఎల్ఈడీ, 3000 కెల్విన్ అని పెట్టె మీద రాసి ఉన్నది, పైనుంచి ఏటవాలుగా పడేలా పెట్టండి. ఎదురుగా పెడితే అద్దంలో బల్బే కనిపిస్తుంది.

తర్వాత

అద్దం మీద స్ప్రే నేరుగా కొట్టొద్దు, కారి చట్రంలోకి దిగుతుంది. గుడ్డ మీద కొట్టి తుడవండి. అద్దం లేని కేన్వాస్‌ని తడిగుడ్డతో అస్సలు ముట్టుకోకండి, మెత్తటి పొడి కుంచెతో పైనుంచి కిందికి దులపండి. భోగి ముందు ఇల్లంతా దులిపేటప్పుడు ప్రతి పటాన్నీ దింపి వెనక చూడండి. తీగ తుప్పు పట్టిందా, టేపు ఊడిందా, రబ్బరు బిళ్లలు ఉన్నాయా, గోడ మీద పటం మేరకి నల్లటి మరక పడిందా. మరక ఉంటే ఆ గోడకి మళ్లీ తగిలించకండి, వేరే గోడ మీద న్యూస్ పేపర్ అంటించి చూడండి.