వేలిముద్ర మిషన్ పెడితే ప్రింటర్ ఆగిపోతోందా? డ్రైవర్ల తగాదా తీర్చడం ఎలా

పర్లాకిమిడిలో మా సెంటర్‌లో ఒక్క కంప్యూటర్‌కే ప్రింటర్, స్కానర్, వెబ్‌క్యామ్, రెండు కంపెనీల వేలిముద్ర మిషన్లు తగిలించి ఉంటాయి. ఇటు కాశీనగర్ నుంచి, అటు పాతపట్నం నుంచి పెద్దవాళ్లు వేలిముద్ర వేసి బ్యాంకు డబ్బు తీసుకోవడానికి వస్తారు. మిషన్ పలక్కపోతే "వేలు అరిగిపోయిందమ్మా, పడటం లేదు" అని పంపేయడం తేలిక. కానీ తప్పు వేలిది కాకుండా డ్రైవర్‌ది అయిన రోజులు నేను చాలా చూశాను. బస్సెక్కి వచ్చిన మనిషిని వెనక్కి పంపేముందు ఒక్క పావుగంట ఈ పని చెయ్యండి.

డ్రైవరంటే విండోస్‌కీ పరికరానికీ మధ్య దుబాసీ. ఒడియా, తెలుగు రెండూ వచ్చిన మనిషి మా సంతలో బేరం కుదిర్చినట్టు. ఒకే బేరంలో ఇద్దరు దుబాసీలు దూరితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది.

మొదట కంప్యూటర్‌ని రీస్టార్ట్ చెయ్యండి. షట్‌డౌన్ చేసి మళ్లీ వేస్తే సరిపోదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్‌లో విండోస్ లోపలి భాగాన్ని డిస్కులో దాచి, తర్వాత అదే తిరిగి తెస్తుంది. రీస్టార్ట్ చేస్తేనే డ్రైవర్లు కొత్తగా లోడవుతాయి.

అయినా తగ్గకపోతే కీబోర్డు, మౌస్ తప్ప అన్నీ పీకేయండి. తర్వాత ఒక్కొక్కటే తగిలించి, పనిచేస్తోందో లేదో చూసి, పుస్తకంలో రాసుకోండి. ఏది పెట్టాక గొడవ మొదలైందో తెలిస్తే సగం పని అయినట్టే. ఒకేసారి రెండు మార్పులు మాత్రం చెయ్యొద్దు.

కరెంటు చాలకపోయినా అచ్చం డ్రైవర్ గొడవలాగే కనిపిస్తుంది. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులే. ఒక చిన్న హబ్‌కి నాలుగు మిషన్లు వేలాడదీస్తే అవన్నీ ఆ ఒక్క పోర్టు మీదే బతకాలి. వేలిముద్ర మిషన్‌ని హబ్‌లోంచి తీసి నేరుగా సీపీయూ వెనక పెట్టి చూడండి.

ఇప్పుడు స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. పసుపు గుర్తున్న దాని ప్రాపర్టీస్‌లో కోడ్ ఉంటుంది. 28 అంటే డ్రైవర్ లేదు. 10 అంటే పరికరం మొదలవలేదు. 43 అంటే పరికరమే లోపం ఉందని చెప్పడంతో విండోస్ దాన్ని ఆపేసింది; ముందు కేబుల్ మార్చి చూడండి. వ్యూ మెనూలో షో హిడెన్ డివైసెస్ నొక్కితే ఎప్పుడో తీసేసిన మిషన్ల పేర్లు వెలిసిపోయి కనిపిస్తాయి. ముందుగా రిస్టోర్ పాయింట్ (ఏదైనా చెడితే విండోస్‌ని పాత స్థితికి తెచ్చుకునే గుర్తు) పెట్టుకుని, ఇక వాడనివాటిని అన్‌ఇన్‌స్టాల్ చెయ్యండి. డ్రైవర్‌ని కూడా తొలగించమనే గడి వస్తే టిక్ పెట్టండి.

రెండు కంపెనీల వేలిముద్ర మిషన్లుంటే అసలు చిక్కు ఆర్డీ (రిజిస్టర్డ్ డివైస్) సర్వీసులది, అంటే మిషన్‌తో పాటు వెనకాల నడిచే ఆ కంపెనీ ప్రోగ్రాములది. ఆధార్ కోసం పనిచేసే ఈ సర్వీసులు 11100 నుంచి 11120 వరకున్న పోర్టు నంబర్లలో ఏదో ఒకటి పట్టుకుని కూర్చుంటాయి. ఇవి వైరు పెట్టే పోర్టులు కావు, కంప్యూటర్ లోపల ప్రోగ్రాములు ఒకదాన్నొకటి పలకరించుకునే నంబర్లు. బ్యాంకింగ్ అప్లికేషన్ ఆ వరుసలోనే వెతుకుతుంది. మీరు పీకేసిన మిషన్ సర్వీసు ముందు పలికిందంటే అప్లికేషన్ దాన్నే పట్టుకుని, మిషన్ సిద్ధంగా లేదని చెప్పేస్తుంది. సర్వీసెస్ కిటికీ తెరిచి, ఆరోజు వాడని కంపెనీ సర్వీసుని స్టాప్ చేసి, స్టార్టప్ టైప్ మాన్యువల్ అని మార్చండి. మా దగ్గర ఎక్కువసార్లు సమస్య ఇక్కడే తీరింది.

ప్రింటర్ సంగతి తేలిక. పేరు పక్కన 'కాపీ 1' అని రెండోది పుట్టిందంటే, దాన్ని వేరే పోర్టులో పెట్టడం వల్ల విండోస్ కొత్త ప్రింటర్ అనుకుందన్నమాట. పనిచెయ్యనిదాన్ని తీసేసి, పనిచేసేదాన్ని డిఫాల్ట్ చెయ్యండి.

కొత్త డ్రైవర్ కావాలంటే తయారీ కంపెనీ సైటులోంచే దించుకోండి. అన్ని డ్రైవర్లూ మేమే సరిచేస్తామనే ఉచిత ప్రోగ్రాముల జోలికి అస్సలు వెళ్లొద్దు. కస్టమర్ల ఆధార్ నంబర్లు తిరిగే కంప్యూటర్ అది.

అన్నీ కుదురుకున్నాక ఏ మిషన్ ఏ పోర్టులో ఉందో తెల్ల టేపు మీద రాసి అక్కడే అంటించండి. ఊడ్చేటప్పుడు వైర్లు ఊడినా, మళ్లీ ఎవరు పెట్టినా, అదే చోట పెడతారు.