నూనెగింజల పైరుకు భాస్వరం: ఎంత, ఎప్పుడు, ఎక్కడ వేయాలి

భాస్వరం నేలలో దాదాపు కదలదు. యూరియాలా నీటితో దిగి వేరును వెతుక్కుంటూ పోదు, వేరు తానే దాని దగ్గరికి రావాలి. అందుకే మొలిచాక పైపాటుగా చల్లిన సూపర్ ఫాస్ఫేట్ (భాస్వరం ఎరువు) చాలావరకు పైమట్టిలోనే చిక్కుకుపోతుంది. మోతాదంతా విత్తేటప్పుడే పడాలి.

ముందు భూసార పరీక్ష చేయించండి. మొక్కకు అందే భాస్వరాన్ని కొలిచే ఓల్సెన్ పద్ధతిలో హెక్టారుకు 10 కిలోల లోపు భాస్వరం ఉంటే తక్కువ, 25 దాటితే ఎక్కువ. ఇది మూలకం లెక్క. ఎరువు బస్తా మీద ఉండేది పి2ఓ5 (భాస్వరం ఆక్సైడ్) లెక్క, కాబట్టి మూలకాన్ని 2.29తో గుణించి చూసుకోవాలి. ఈ రెండూ కలగాపులగమైతే మోతాదు సగానికి పైగా తప్పుతుంది.

వేరుశనగకు ఎకరాకు 16 కిలోల పి2ఓ5 కావాలనుకుందాం. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ అయితే 100 కిలోలు, డీఏపీ (డై అమ్మోనియం ఫాస్ఫేట్) అయితే 35 కిలోలు. నూనెగింజలకు సూపర్ ఫాస్ఫేటే మేలు. ఆ 100 కిలోలతో సుమారు 11 కిలోల గంధకం, దానితోపాటు కాల్షియం కూడా వస్తాయి. డీఏపీలో ఈ రెండూ లేవు, పైగా దానిలోని 6 కిలోల నత్రజనిని మొత్తం నత్రజని మోతాదులోంచి తీసేయాలి. కాయ నిండటానికి పూత దశలో వేసే జిప్సంను మాత్రం సూపర్ వేశామని మానకూడదు.

ఎరువును గింజకు 5 సెంటీమీటర్ల పక్కగా, అంతే లోతు కిందకు పడేలా గొర్రు సరిచేసుకోండి. డీఏపీ గింజను తాకితే అమ్మోనియా మొలకను కాలుస్తుంది. సాళ్లలో ఖాళీలు పడితే విత్తనాన్ని అనుమానించే ముందు ఇది చూడాలి.

లోపమున్న మొక్క గిడసబారుతుంది, కింది ఆకులు మొద్దుబారిన ముదురాకుపచ్చగా మారతాయి, కాడ ఊదారంగు తిరుగుతుంది. వేరుశనగ మొక్కను పెకిలించి వేరు బుడిపెను గోటితో చీల్చండి: లోపల గులాబీ రంగుంటే నత్రజని స్థిరీకరణ, అంటే బుడిపెలోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే పని, సాగుతున్నట్టే. భాస్వరం చాలని మొక్కకు బుడిపెలు తక్కువగా, చిన్నగా ఉంటాయి. అయితే చలికీ నీరు నిలిచినా కూడా కాడ ఊదా తిరుగుతుంది, తొందరపడొద్దు. లోపం ఖాయమైతే డీఏపీని లీటరుకు 20 గ్రాముల చొప్పున రాత్రంతా నానబెట్టి, తేట వడకట్టి పిచికారీ చేస్తే కొంత ఊరట. పోయిన ఎదుగుదల మాత్రం తిరిగిరాదు.

భాస్వరం వేస్తే నూనె శాతం ఎగబాకుతుందని ఆశపడొద్దు. వేరు, పూత, గింజ కట్టడం బాగుపడి దిగుబడి పెరుగుతుంది, ఎకరాకు వచ్చే నూనె ఆ దారిన పెరుగుతుంది.

ఏటా అతిగా వేస్తే జింకు లోపం తలెత్తుతుంది. జింక్ సల్ఫేట్‌ను సూపర్‌తో కలిపి వేయకండి. రెండూ కలిసి కరగని జింక్ ఫాస్ఫేట్‌గా మారతాయి, కాబట్టి రెండు మూడు రోజుల తేడా ఉంచండి.