రామప్ప గుడిని లోపల ఎలా చూడాలి

రామప్ప గుడికి వచ్చేవాళ్లలో చాలామంది మదనికల (చూరు కింద వాలి నిలబడ్డ స్త్రీల శిల్పాలు) కింద ఫొటోలు దిగుతారు, నంది దగ్గర కాసేపు ఆగుతారు, లోపల స్వామికి దండం పెట్టుకుని వెనుదిరుగుతారు. మండపం వాళ్లకు గర్భగుడికి వెళ్లే దారి మాత్రమే. నా దృష్టిలో ఆ గుడిలో అన్నిటికన్నా గొప్ప పని ఆ మండపంలోనే ఉంది. హనుమకొండలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసిన కాలం నుంచి పిల్లలను తీసుకెళ్లి చూపిస్తున్నాను. వాళ్లకు ఏ వరుసలో చూపిస్తానో మీకూ అదే వరుసలో చెబుతాను.

పొద్దున్నే చేరుకోండి. హనుమకొండ నుంచి ములుగు మీదుగా జంగాలపల్లి క్రాస్‌రోడ్డు దాకా బస్సులో, అక్కడి నుంచి గుడి ఉన్న పాలంపేటకు ఆటోలో వెళ్లవచ్చు. గుడి తూర్పు ముఖంగా ఉంది కాబట్టి ఉదయపు వెలుగు వాకిట్లోంచి నేరుగా మండపంలోకి వస్తుంది. ఎండ ముదిరాక ఆవరణలో రాళ్ల మీద ఒట్టికాళ్లతో నడవడం కష్టం. ఒక చిన్న టార్చిలైటు, చేతి అద్దం, పెన్సిలు, నాలుగు తెల్లకాగితాలు దగ్గర ఉంచుకోండి.

లోపలికి అడుగుపెట్టగానే గర్భగుడి వైపు నడవకండి. మండపం అంచున ఉన్న రాతి అరుగు మీద కూర్చోండి. బయటి వెలుతురుకు అలవాటుపడిన కళ్లకు మొదట నల్లని ఆకారాలే కనిపిస్తాయి. కాసేపటికి ఒక్కొక్క చెక్కడం తేలుతుంది. ఈ కాసేపు ఓపిక పట్టనివాళ్లకు రామప్ప సగమే కనిపిస్తుంది.

ముందు నేలను చూడండి. కొన్నిచోట్ల రాతిపలకలు కుంగి ఎగుడుదిగుడుగా ఉన్నాయి. ఈ కట్టడం కుదుపులను తనలోకి తీసుకునేలా ఇసుక నింపిన పునాది మీద నిలబడింది. 1213లో కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి ఇన్ని వందల ఏళ్ల కుదుపులను ఓర్చుకున్న తీరు ఆ నేల మీదే కనబడుతుంది. పైన బరువు తగ్గించడానికి శిఖరాన్ని నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలతో కట్టారు. గోడలు ఎర్ర ఇసుకరాయి. మండపంలో మెరిసే నల్లరాయి డోలరైట్.

ఇక నడుమ ఉన్న నాలుగు స్తంభాలలో ఒకదాని దగ్గరికి వెళ్లండి. ఒక్కటి చాలు, నాలుగూ ఒకేసారి చూడాలనుకోకండి. టార్చిని చెక్కడానికి ఎదురుగా పట్టకండి. ఎదురు వెలుగులో చెక్కడం చదునుగా కనిపిస్తుంది. స్తంభానికి పక్కగా, రాతికి దాదాపు ఆనేంత దగ్గరగా పట్టి వెలుగును అడ్డంగా పోనివ్వండి. అప్పుడు నాట్యకత్తె నడుము వంపు, మద్దెల మీద వాలిన వేళ్లు, మెడలో హారం పేటలు నీడలతో సహా లేచి నిలబడతాయి. చదరపు భాగాల మీద ఈ బొమ్మలుంటే, గుండ్రటి భాగం పొడవునా చేతికి నిండుగా వేసుకున్న గాజుల్లా వలయం మీద వలయం ఉంటుంది. ఆ వలయాలలో ఒక్కదాని అంచును కాగితం మీద గీయడానికి ప్రయత్నించండి. ఎక్కడ ఉబ్బింది, ఎక్కడ లోపలికి వెళ్లింది, ఎక్కడ మొన తేలింది అన్నది గీస్తేనే తెలుస్తుంది. డోలరైట్ చాలా గట్టి రాయి. ఉలి ఒక్కసారి జారితే ఆ పెచ్చును తిరిగి అతికించలేరు. అంత గట్టి రాయిని అద్దంలా మెరిసేదాకా నునుపు చేసిన ఆ చేతులకు నేను ప్రతిసారీ మనసులో నమస్కరిస్తాను.

స్తంభాల మీది దూలాలపై కథలు చెక్కారు. క్షీరసాగర మథనం, త్రిపురాసుర సంహారం వంటివి పోల్చుకోవడం పిల్లలకు చాలా ఇష్టం. పైకప్పు చూడటానికి మాత్రం మెడ ఎత్తి నిలబడకండి. చేతి అద్దాన్ని నడుము ఎత్తున పట్టుకుని అందులోకి చూడండి, నడిమి కప్పులోని చెక్కడం తీరిగ్గా కనిపిస్తుంది. అద్దాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ పోతే ఒక్కొక్క వరుసా వస్తుంది.

ఆ తరువాతే గర్భగుడి ద్వారం. ద్వారం పక్కన వేణువూదుతున్న కృష్ణుడు ఉంటాడు. అక్కడ రాతిని మీటితే సప్తస్వరాలు పలుకుతాయని చెబుతారు. దయచేసి మీటకండి. ఎనిమిది వందల ఏళ్ల రాయి అది. రోజూ వందల చేతులు తడితే అరిగిపోతుంది. పిల్లలతో వెళ్తే ఈ మాట ముందే చెప్పి తీసుకెళ్లండి. చెక్కడాల మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దడం, కుంకుమ పూయడం కూడా వద్దు. ఇది పూజలు జరిగే గుడి కూడా. హారతి వేళ టార్చి ఆర్పి పక్కకు జరగండి.

మండపం నడుమ ఉన్న గుండ్రటి రాతి వేదికను దాటేముందు నాట్యభంగిమలను మరోసారి చూడండి. గణపతిదేవుడి గజసైన్యాధిపతి జాయప సేనాని రాసిన నాట్యగ్రంథం నృత్తరత్నావళిని, ఇక్కడి శిల్పాలను ఆధారం చేసుకుని నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ కాకతీయుల కాలపు పేరిణి నృత్యానికి మళ్లీ ప్రాణం పోశారు. ఆ నాట్యం చూసినవాళ్లకు ఈ స్తంభాల మీద కాళ్లు పడ్డ తీరు వెంటనే గుర్తుకొస్తుంది.

బయటికి వచ్చాక మదనికలను, అధిష్ఠానం (గుడి అడుగు పీఠం) చుట్టూ సాగే ఏనుగుల వరుసను ఎంతసేపైనా చూసుకోండి. ఆవరణలోని శాసన స్తంభాన్ని మరవకండి, గుడి పుట్టుక వివరాలు దాని మీదే ఉన్నాయి. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పటి నుంచి సెలవు రోజుల్లో జనం బాగా పెరిగారు, వీలైతే మామూలు రోజు పెట్టుకోండి. పాలంపేట వెళ్లడం వెంటనే కుదరకపోతే హనుమకొండ వేయిస్తంభాల గుడిలో ఈ టార్చి పద్ధతిని అభ్యాసం చేయండి. 1163 నాటి ఆ గుడిలోనూ ఇవే నల్లరాతి స్తంభాలు. రామప్ప చూశాక పొద్దు మిగిలితే గణపురం కోటగుళ్లకు వెళ్లండి. శిథిలమైన ఆ గుళ్లలో స్తంభం మీద దూలం, దూలం మీద పలక ఎలా కూర్చున్నాయో పట్టపగటి వెలుగులో చూడవచ్చు.