ఆటోకాడ్ ఫైల్ తెరుచుకోకపోతే

నల్లగొండలో ఎండాకాలం గాలిదుమారం లేచిందంటే కరెంటు గ్యారంటీ లేదు. కంప్యూటర్‌లో ప్లాన్లు గీసే ఆటోకాడ్‌లో ఇంటి ప్లాన్ సేవ్ అవుతుండగానే కరెంటు పోతే, మళ్లీ సిస్టమ్ ఆన్ చేశాక ఆ ఫైల్ తెరుచుకోకపోవచ్చు. యూపీఎస్ కూడా సరిగ్గా అప్పుడే చేతులెత్తేస్తుంది.

ఖాళీ డ్రాయింగ్ తెరిచి, కమాండ్ లైన్‌లో (ఆదేశాలు టైప్ చేసే చోట) రికవర్ (RECOVER) అని కొట్టి పాడైన ఫైల్‌ని ఎంచుకోండి. చాలావరకు ఇక్కడే పనైపోతుంది. కాకపోతే అదే ఫోల్డర్‌లో అదే పేరుతో బీఏకే (.bak) ఫైల్, అంటే బ్యాకప్ కాపీ ఉంటుంది. దాన్ని వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసి, పేరు చివర బీఏకే తీసి డీడబ్ల్యూజీ (.dwg, ఆటోకాడ్ డ్రాయింగ్ ఫైల్ గుర్తు) అని మార్చి తెరవండి. (ఆ మూడు అక్షరాలు కనబడకపోతే విండోస్ వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్‌కి టిక్ పెట్టాలి.) చివరి సేవ్‌కి ముందటి సేవ్ వరకు చేసిన పని దొరుకుతుంది. తెరుచుకోగానే ఫైల్‌లో తప్పులు వెతికే ఆడిట్ (AUDIT) కమాండ్ కొట్టి, తప్పులు సరిచేయాలా అని అడిగితే వై నొక్కండి.

ఎన్ని నిమిషాలకోసారి దానంతటదే సేవ్ కావాలో చెప్పే సేవ్‌టైమ్ (SAVETIME) మామూలుగా 10 నిమిషాలుంటుంది, మన కరెంటుకు 5 పెట్టుకోవడమే మేలు.

పెన్‌డ్రైవ్‌లోని ఫైల్ మీదే నేరుగా గీసేవాళ్లకు మాత్రం ఈ బీఏకే దారి పనిచేయకపోవచ్చు. పెన్‌డ్రైవ్ పాడైతే బీఏకే కూడా దాంతోపాటే పోతుంది.