స్పెషల్ ఎడిషన్ కూల్‌డ్రింక్ క్యాన్లు, సీసాలు చెడిపోకుండా దాచడం ఎలా?

వరల్డ్ కప్ వచ్చినా, పండగ వచ్చినా కూల్‌డ్రింక్ కంపెనీలు క్యాన్ల మీద బొమ్మలు మార్చేస్తుంటాయి. 2018లో కోకా-కోలా మన దేశంలో బంధుత్వాల పేర్లు అచ్చేసిన సీసాలు, క్యాన్లు దించింది. ఇలాంటి సరుకు ఒకసారి అయిపోతే మళ్లీ దొరకడం కష్టం. అందుకే చాలామంది మూత తీయకుండా, నిండు క్యాన్నే షోకేసులో పెట్టేస్తారు. నెల్లూరు, ఒంగోలు ఎండలకు ఈ పద్ధతి అసలు పనికిరాదు.

కోలాలో ఫాస్ఫారిక్ యాసిడ్ ఉంటుంది, నిమ్మ రుచి డ్రింకుల్లో సిట్రిక్ యాసిడ్ ఉంటుంది. క్యాన్ లోపల పల్చటి ప్లాస్టిక్ పూత వేసేది అందుకే. ఆ పూతలో సూదిమొనంత లోపం ఉన్నా యాసిడ్ అక్కడ అల్యూమినియాన్ని తినేస్తుంది. క్యాన్ గోడ మందం మిల్లీమీటర్లో పదో వంతే. మే నెల వేడికి లోపల గ్యాస్ ఒత్తిడి పెరిగితే పని ఇంకా తొందరగా అయిపోతుంది. కారింది ఒక్క క్యానే అయినా ఆ పాకం పక్కవాటి రంగుకీ అంటుకుంటుంది. ఆ వెనకే చీమలు.

కొనేటప్పుడు ఐసు డబ్బాలోంచి తీసిచ్చింది తీసుకోకండి. ఐసు గడ్డల రాపిడికి రంగు గీకుకుపోయి ఉంటుంది. అంగడి ఆయన్ని అడిగి, విప్పని ట్రేలో నడుమ వరస క్యాన్ ఇప్పించుకోండి. అంచు వరసవి రవాణాలో నొక్కుకుపోతాయి.

క్యాన్ ఖాళీ చేయడం

పై ట్యాబు లాగకూడదు. అది తెరిస్తే క్యాన్ అందమే పోతుంది. కావలసినవి: గోనెసంచులు కుట్టే దబ్బనం, సన్న మేకు, పాత తువ్వాలు, మందుల అంగట్లో దొరికే 20 మి.లీ. సిరంజి (సూది లేకుండా).

ముందుగా అడుగున ఉన్న తేదీ, బ్యాచ్ నంబరు, ధర ఫొటో తీసుకోండి. తర్వాత క్యాన్ను మూడు నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. చల్లటి ద్రవంలో గ్యాస్ కరిగే ఉంటుంది కాబట్టి నురగ తగ్గుతుంది. తొందరపడి ఫ్రీజర్‌లో పెట్టారంటే లోపలి నీరు గడ్డకట్టి, పెరిగి, అడుగు ఉబ్బిపోతుంది. అలా ఉబ్బిన క్యాన్ మళ్లీ తిన్నగా నిలబడదు.

ఇప్పుడు క్యాన్ను తలకిందులు చేసి తువ్వాలు కప్పండి. అడుగున గుంటలా ఉంటుంది కదా, దాని అంచు దగ్గర దబ్బనంతో మెల్లగా పొడవండి. మధ్యలో పొడవొద్దు. గ్యాస్ చేరేది అంచు వైపు. అక్కడ పొడిస్తే బుస్సుమని ముందు గ్యాసే పోతుంది, మధ్యలో అయితే ద్రవం మొహాన చిమ్ముతుంది. తేదీ ముద్ర కూడా సాధారణంగా మధ్యలోనే ఉంటుంది. చప్పుడు ఆగాక ఎదురు అంచున రెండో రంధ్రం వేసి, రెండింటినీ మేకుతో మూడు నాలుగు మిల్లీమీటర్లకు పెద్దవి చేయండి. ఒకదాంట్లోంచి గాలి వెళ్తేనే రెండోదాంట్లోంచి ద్రవం ధారగా దిగుతుంది. రేకు అంచులు బ్లేడులా ఉంటాయి, వేలు జాగ్రత్త. దిగిన డ్రింకులో రేకు ముక్కలు పడి ఉండొచ్చు, తాగకుండా పారబోయడం మేలు.

సిరంజితో గోరువెచ్చని నీళ్లు పట్టించి, ఆడించి, వంచేయండి. నీళ్లు వేళ్లకు జిగురు తగలనంత వరకు ఇదే పని. బట్టల సోడా, ఘాటైన క్లీనింగ్ పౌడర్లు వద్దు, వాటి క్షారానికి అల్యూమినియం నల్లబడుతుంది. కడిగాక నీడలో, రంధ్రాలు కిందికి ఉండేలా, నీళ్లు కారే జాలీ మీద రెండు మూడు రోజులు నిలబెట్టండి. ఆ రంధ్రాలకు టేపు వేయకండి, లోపల మిగిలిన తడికి దారి ఉండదు. ఇకమీదట క్యాన్ను పై అంచు దగ్గరే పట్టుకోవాలి. గ్యాస్ పోయిన గోడ బొటనవేలి ఒత్తిడికే సొట్టపోతుంది.

ప్లాస్టిక్ సీసాలు

వీటిల్లో సాధారణంగా విశేషమంతా లేబుల్‌దే, సీసా మామూలుదే. చుట్టూ అంటించిన లేబుల్‌కు జిగురు అతుకు దగ్గరే ఉంటుంది. హెయిర్ డ్రయ్యర్‌తో అతుకు మీద కాసేపు వేడి తగిలిస్తే చిరగకుండా వస్తుంది. సీసాకు తొడుగులా పట్టేసిన లేబుల్ మీద మాత్రం వేడి పెట్టకండి, ఇంకా ముడుచుకుపోతుంది. దాన్ని సీసాతోనే ఉంచండి. కడగడానికి చన్నీళ్లే వాడాలి, మరిగే నీళ్లు పోస్తే సీసా వంకర తిరుగుతుంది.

గాజు సీసాలు

తిరిగిచ్చే సీసా అయితే డిపాజిట్ కట్టి, అంగడి ఆయనతో చెప్పే తెచ్చుకోండి. రేకు మూతకు 21 పళ్లు ఉంటాయి. ఓపెనర్‌తో ఒకే దెబ్బకు లేపితే మూత మధ్యకు మడత పడుతుంది. మూత మీద పది రూపాయల నాణెం పెట్టి, చుట్టూ తిప్పుతూ కొద్దికొద్దిగా లేపండి. సీసా మూతి చుట్టూ తుప్పు వలయం ఉంటే నిమ్మచెక్కతో రుద్దితే పోతుంది.

పాత గోలీ సోడా సీసా దొరికితే గోలీని బయటికి తీసే ప్రయత్నం చేయకండి. 1872లో ఇంగ్లండ్ ఇంజనీరు హైరమ్ కాడ్ పేటెంట్ తీసుకున్న ఈ సీసాలో, గోలీ పడ్డాకే మూతిని సన్నగా మలుస్తారు. సీసా పగిలితే తప్ప గోలీ రాదు. గుప్పెడు బియ్యం, కాస్త కుంకుడు రసం పోసి గుండ్రంగా తిప్పితే మూలల మురికి వదులుతుంది. ఇసుక పోస్తే గాజు మీద గీతలు పడతాయి. మూతి లోపలి రబ్బరు వాషరు ఎండి పగిలి ఉంటే దాన్ని పీకకండి, పాత సీసాకు అదీ ఒక గుర్తే.

ఎక్కడ పెట్టాలి?

కిటికీకి ఎదురుగా మాత్రం వద్దు. ఎండకు అచ్చు రంగులు వెలిసిపోతాయి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో అయితే ఉప్పుగాలి ఇంకో బెడద. పూత గీసుకుపోయిన చోట అల్యూమినియం మీద తెల్లటి పొడి లేస్తుంది. తలుపు బిగుతుగా పట్టే అద్దాల బీరువాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వానల రోజుల్లో, వాటిని తరచూ మార్చండి. తెల్ల పొడి కనపడితే గోటితో గీకొద్దు. మంచినీళ్లలో పిండిన మెత్తటి గుడ్డతో తుడిచి, ఆరాక కార్ వ్యాక్స్ పల్చగా రాయండి. మెరుపు లేని మ్యాట్ డిజైన్ల మీద వ్యాక్స్ రాస్తే మరకలు పడతాయి, వాటిని పొడిగుడ్డతో తుడిచి వదిలేయండి.