నాన్న బీపీ ఇంట్లో ఎలా చూస్తున్నామంటే

కాకినాడలో ఉండే మా నాన్నకు 71 ఏళ్లు. బీపీ మిషన్ కొన్న కొత్తలో, ఆయన బజారు నుంచి కూరగాయల సంచితో వచ్చి కూర్చోగానే పట్టీ చుట్టేశాను. 172/98 వచ్చింది. ఇంటిల్లిపాదికీ టెన్షన్. మర్నాడు పొద్దున చూస్తే 138/84! మిషన్ పాడైందనుకున్నాం. మేం చూసే పద్ధతే తప్పని డాక్టరుగారు చెబితే తెలిసింది.

మణికట్టుకు పెట్టేది కాకుండా జబ్బకు చుట్టే మిషనే కొనండి. ముందు టేపుతో జబ్బ చుట్టుకొలత చూసుకోండి. ఎంత చేతికి సరిపోతుందో పట్టీ మీదే రాసి ఉంటుంది. లావు చేతికి చిన్న పట్టీ పెడితే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

చూసే ముందు అరగంట కాఫీ, టీ, చుట్ట వద్దు. బాత్రూముకు వెళ్లొచ్చి, వీపు ఆనే కుర్చీలో, పాదాలు నేలకు ఆనించి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చొక్కా చెయ్యి పైకి మడిస్తే బిగుసుకుంటుంది కాబట్టి నాన్న చేతిని చొక్కాలోంచి పూర్తిగా బయటికి తీస్తాను. పట్టీ అంచు మోచేతి మడతకు రెండు వేళ్ల పైన ఉండాలి. చేతి కింద తలగడ పెడితే పట్టీ గుండె ఎత్తుకు వస్తుంది. ఇక మాట్లాడకూడదు. మా ఇంట్లో ఇదే కష్టం. పట్టీలో గాలి నిండుతుండగానే "అమ్మలూ, ఎంతొచ్చిందే?" అంటారు. ఆ మాటకే బీపీ పెరుగుతుంది. అందుకే ఆయన అడిగితే ఆపేసి మళ్లీ మొదలుపెడతాను.

నిమిషం ఆగి రెండోసారి చూసి, రెండూ రాసుకోవాలి. పొద్దున మాత్రకు, టిఫినుకు ముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఇలా ఏడు రోజులు. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. అది 135/85 దాటితే ఆ కాగితంతో డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఒక్కసారి ఎక్కువొచ్చిందని మాత్ర పెంచొద్దు, తగ్గిందని మానొద్దు. 180/120 దాటితే కాసేపాగి మళ్లీ చూడండి. అప్పుడూ అంతే ఉంటే వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలి.

ఇక స్మార్ట్‌వాచీ సంగతి. దాని వెనకుండే పచ్చ లైటు రక్తం కదలికను బట్టి నాడి లెక్కేస్తుంది. వదులుగా ఉంటే లెక్క తప్పుతుంది. మణికట్టు ఎముకకు కాస్త పైన, జారకుండా పెట్టుకోవాలి. ఈసీజీ ఉన్న వాచీ 30 సెకన్లలో గుండె లయ తప్పిందేమో చూస్తుంది. ఆ తేడా పక్షవాతానికి దారితీయొచ్చు కాబట్టి వాచీ హెచ్చరిస్తే ఆ రికార్డు డాక్టరుకు చూపించాలి.

కానీ గుండెపోటును పట్టుకోవడం వాచీ వల్ల కాదు. మా బాబాయి ఛాతీ బరువుగా ఉందంటూనే, "వాచీలో నార్మలే, ఇది గ్యాసే" అని సోడా తాగి తెల్లారేదాకా కూర్చున్నారు. అప్పటికే చాలా ఆలస్యమైంది. ఛాతీలో నొప్పి, బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం ఉంటే, లేదా మూతి వంకరపోయి మాట తడబడితే, మిషనూ వద్దు, వాచీ వద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆ నంబరు నాన్న బీపీ నోట్‌బుక్ అట్ట మీద పెద్దగా రాసి పెట్టాను.